చీకటి ఉంటేనే వేట

ఉత్తరాంధ్ర తీరంలో తెప్ప మీద రాత్రివేటకు పోయేవాళ్లకు వెన్నెల అంత ఇష్టముండదు. వెన్నెట్లో వల చేప కంటపడుతుంది, దగ్గరకొచ్చిన గుంపు పక్కకు తప్పుకుంటుంది. అమావాస్య చుట్టుపక్కల రాత్రులే వాళ్లకు పంట.

పొద్దు గుంకాక సముద్రం లోతుల్లోని చిన్నచిన్న జీవులు నీటి పైపొరకు లేస్తాయి. వాటిని మేయడానికి కవళ్లు, నెత్తళ్లు వస్తాయి. వీటి వెనక వంజరం. ఆ దారికి అడ్డంగా వలను గోడలా నిలబెడతారు. పైతాడుకు తేలే బెండ్లు, అడుగుతాడుకు బరువులు. చేప తల వల కంటిలో దూరుతుంది, ఒళ్లు పట్టదు, వెనక్కి లాగితే మొప్పలు చిక్కుకుంటాయి. చిన్నది జారిపోతుంది, మరీ పెద్దది దూరదు. ఏ చేప కావాలో వల కన్నే ఎంచుతుంది. ఇంతకన్నా నిదానమైన, న్యాయమైన వేట నాకు తెలియదు. వలను వెంటపడి లాగరు. నీటివాలుకు వదిలి, ఒక కొసకు తెప్పను కట్టుకుని కాచుకుంటారు.

ఆ చీకట్లో చూపు ఎలా? నీరే వెలుగిస్తుంది. నాక్టిల్యూకా లాంటి ఏకకణ జీవులు కదిలిస్తే మెరుస్తాయి. చేపల గుంపు కదిలితే నీటి కింద పాలపొంగులా తెల్లటి మరక పాకుతుంది. ఆ మరక వెడల్పు, వేగం చూసి గుంపును అంచనా కట్టడం ఏళ్ల తరబడి అబ్బే విద్య. మెరుపు మరీ ఎక్కువైతే వల కళ్లు కూడా వెలిగి చేపను బెదరగొడతాయి. ఆ రాత్రి వల వేయకపోవడం కూడా ఆ విద్యలో భాగమే.

రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. తెప్ప దాని వెంట పోతుంది. పగలు నేల వేడెక్కాక గాలి తిరగబడి తెరచాపను ఇంటికి తోస్తుంది. జామును పిల్లల కోడి చుక్కలు, వేగుచుక్క చెబుతాయి. ఒడ్డు జాడ విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపం చెబుతుంది. తెప్పంటే తేలిక దుంగలను తాళ్లతో బిగించినదే. అల మీద పడినా దుంగల సందుల్లోంచి నీరు దిగిపోతుంది, మునగదు. ఇప్పుడు ఎక్కువచోట్ల ఫైబర్ బోట్లు వచ్చాయి. చేతులకు శ్రమ తగ్గింది, తగ్గాలి కూడా.

ఈ జనం జ్ఞానం ఎంత దూరం వెళ్లిందో చాలామందికి తెలియదు. పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నంలో చేపలను సేకరించి, 1803లో అచ్చయిన తన గ్రంథంలో స్థానికులు పిలిచే పేర్లతోనే వాటిని నమోదు చేశాడు. అందులోని కనగుర్త అనే పేరు ఈనాటికీ ఆ చేప శాస్త్రీయనామంలో ఉంది: రాస్ట్రెలిజర్ కనగుర్త. తీరంలోని పల్లెల మాట ప్రపంచమంతా పలుకుతోంది.

ఇంత సూక్ష్మమైన వేటను పాడుచేసేది ఇంకో రకం వెలుగు. కొందరు జనరేటర్లతో శక్తిమంతమైన దీపాలు వెలిగించి, పిల్లాపెద్దా తేడా లేకుండా చేపను ఒకచోటికి గుంజి ఊడ్చేస్తారు. కేంద్రం 2017లో దేశ ప్రత్యేక ఆర్థిక మండల (ఈఈజెడ్) జలాల్లో దీపాల వేటను నిషేధించింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల నీటిని మన రాష్ట్ర నిబంధనలు సంప్రదాయ వేటకే వదిలాయి. రెండూ కాగితం మీద మంచివే. దీపాలు వెలిగేది రాత్రి కాబట్టి గస్తీ బోట్లు కూడా రాత్రే తిరగాలి, ముఖ్యంగా అమావాస్య రోజుల్లో.