క్రైస్తవ కీర్తనల పుట్టుక: పురుషోత్తమకవి రచనా విమర్శనము

ఆంధ్రవాఙ్మయచరిత్రము వ్రాసినవారు పదకవితాప్రకరణమున అన్నమాచార్యుని, క్షేత్రయ్యను, రామదాసును, త్యాగరాజును స్మరించి యంతటితో లేఖిని నాపుట పరిపాటి. త్యాగరాజు సిద్ధిపొందిన 1847 నాటికి శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములందు మఱియొక కీర్తనకారుడు నలువదియేండ్లు దాటినవాడై రచన సాగించుచుండెను. ఆతడు పురుషోత్తమ చౌదరి. ఆతని కీర్తనలు కళింగతీరమున బుట్టి, యెన్నడు నాతడెఱుగని తెలంగాణపు పల్లెలకు బ్రాకినవి. జన్వాడయందలి మెథడిస్టు దేవాలయము వంటి గ్రామదేవాలయములలో నారాధనకు గూడువారికి నవి తాతలనాటి సొత్తు. సాహిత్యచరిత్రములో మాత్రము వానికి జోటు చిక్కలేదు.

ఇవి యెల్ల పాశ్చాత్యగీతములకు దెనిగింపులని పండితులలో బలువు రనుకొనుట కలదు. ఇది సగమే నిజము. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమును విప్పిచూచిన రెండు జాతుల రచనలు కనబడును. మొదటిజాతి పరాయి వరుసలకు గట్టిన పాటలు. ఆంగ్లగీతము ఊనిక మీద నడచును. మన గీతము మాత్రల మీద నడచును. కావున ఆ వరుసలో దీర్ఘస్వరము పడినచోట మన లఘువు సాగి గురువగును, గురువు కుదించుకొనిపోవును. ‘కృప’ అను రెండు లఘువుల మాటలో మొదటి యక్షరమును మూడుమాత్రల కాలము సాగదీసినచో జెవికి మాటయే మాఱిపోవును. భావమెంత పవిత్రమైనను ఈ దోషము మాయదు. రెండవజాతికి బల్లవియు జరణములును, పెక్కింట ననుపల్లవియు గలవు. తలకట్టున శంకరాభరణము, ముఖారి, ఆనందభైరవి మొదలగు రాగముల పేళ్లును, తాళమును, అడుగున కర్త పేరును అచ్చువేయబడినవి. ఇవి తెనిగింపులు గావు, తెనుగునందే పుట్టినవి.

పురుషోత్తముడు 1803లో బర్లాకిమిడి ప్రాంతమున వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణకుటుంబమున జనించెను. 1833లో గటకమున బాప్టిస్టు మిషనరీలవలన బాప్తిస్మము పొంది, లండను మిషనువారితో బనిచేసి, 1890లో మరణించెను. 100కు మించిన కీర్తనలు రచించెను. ఆతడు పాడ నారంభించినప్పటికి దెనుగు క్రైస్తవమునకు బరిభాష యింకను గుదురుకొనలేదు. లండను మిషను 1805లో విశాఖపట్టణము చేరెను. ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున నచ్చటివారు తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. క్రొత్తనిబంధనము 1818లో మదరాసున వెలువడెను. అంతకు ముందే పదునెనిమిదవ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి ‘వేదాంతరసాయనము’ రచించి యుండెను గాని, అది పండితులు చదువుకొను ప్రబంధము. కూడి పాడుకొనుటకు గాదు. కావున మన కవి శరణము, కరుణ, దాసుడు, ముక్తి అను మాటలను భక్తిసంప్రదాయమునుండియే తెచ్చుకొనవలసివచ్చెను.

తెనుగు కీర్తనలలోని భక్తితత్త్వమును గూర్చి 1983లో గ్రంథము ప్రకటించిన ఆర్.ఆర్. సుందరరావుగారు ఈ రచనలను భక్తిమార్గముతో జేర్చి విచారించిరి. ఆ త్రోవ సరియైనదే. కాని పోలికను మాత్రమే చూచి భేదమును విడువరాదు. గోలకొండ చెఱలోని రామదాసు తన స్వామిని నిలదీసి యడుగును. చేయించిన నగల లెక్క చెప్పి దెప్పును. నిందాస్తుతి యాతనికి హక్కు. పురుషోత్తముని యందు నేరారోపణ తలక్రిందగును: నిలదీయబడువాడు పాడువాడే. దేవుడు బాకీపడినట్లు గాక, దేవునికి దాను బాకీపడినట్లు మొఱపెట్టుకొనును. మాటలు పాతవి, వ్యవహారము క్రొత్తది. ఈ మార్పును గుర్తింపక ‘భక్తికవి’ యని ముద్రవేసి యూరకుండుట విమర్శనము గాదు. తంజావూరి వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళమున నిట్టి పనియే చేసెను. ఆతనిని దమిళులు మఱువలేదు.

ఆక్షేపణ మొకటి గలదు. సంస్కృతసమాసముల బరువు ఈ కవికి గొప్ప లోపమని కొంద ఱందురు. కొన్ని చరణములలో సమాసము శ్వాసను మించిపోవుట నిజమే. అచ్చట గానము కుంటుపడును. అయినను మఱియొకటి యాలోచింపవలెను. తెలంగాణమున నీ పాటలను గంఠస్థము చేసినవారిలో బెక్కుమంది మాల మాదిగ కుటుంబములవారు; తరతరములుగా జదువునకు దూరము చేయబడినవారు. వారి నోట గురులఘువులు చెడక సమాసములు నిలిచెను. ‘కులాచార పరీక్ష’ యను గ్రంథమును వ్రాసిన కవికి ఇంతకంటె దగిన పాఠకులు దొరకరు. కఠినమని తొలగింపదలచువారు ముందుగా నా ముసలమ్మల యుచ్చారణను వినవలెను.

ఇప్పటి యవసరము పాఠపరిష్కరణము. వ్యాకరణము పేర నొకరును, సౌలభ్యము పేర నొకరును దిద్దుట వాడుకైనప్పుడు కర్త మాట యేదో తెలియరాదు. కీర్తనమునకు బద్యపు కొలబద్ద పెట్టి విసంధిదోషము లెన్నుట తగదు. అన్నమయ్యకు లేని యా శిక్ష యీతనికేల? రాగనామములు పుటపై నిలిచియున్నను, వీనులవెంట బోవు గానమున ముఖారి ముఖారిగా నుండుట యరుదు. ప్రాచీనముద్రణములను జేర్చి, పాఠాంతరములను అడుగున జూపి, పల్లెలలోని వృద్ధుల వరుసలను స్వరపఱచి, కీర్తన కీర్తనకు గర్తను నిర్ణయించి ప్రకటింపవలెను. పులిపాక జగన్నాథము, పంతగాని పరదేశి మొదలగు తక్కిన కర్తల రచనలకును ఇదియే పద్ధతి.