నిల్వ, నిప్పు, ఇల్లు: ఆముక్తమాల్యదలో గృహ స్వయంపోషకత

శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు ఋతువును అనుసరించి అతిథులకు అన్నం పెట్టే పద్యాలు తెలుగు విమర్శలో తరచు ప్రస్తావనకు వస్తాయి. రాయల లోకజ్ఞతకు, స్వభావోక్తి నైపుణ్యానికి, ఆనాటి ఆహారపు అలవాట్లకు వాటిని ఉదాహరణలుగా చూపడం పరిపాటి. ఈ మూడు విధాల పఠనమూ సమంజసమే. అయితే మూడూ విస్తరి దగ్గరే ఆగిపోతాయి. ఆ విస్తరిలోకి పదార్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటిని ఎవరు ఎప్పుడు దాచి ఉంచారు, ఏ నిప్పు మీద వండారు అన్న ప్రశ్నలు పక్కన ఉండిపోతాయి. ఈ ప్రశ్నలు వేసుకుంటే అవి కేవలం భోజన వర్ణనలుగా మిగలవు. ఒక ఇల్లు తనను తాను ఏడాది పొడవునా ఎలా పోషించుకుంటుందో చెప్పే పద్యాలుగా కనిపిస్తాయి.

ఇక్కడ గృహ స్వయంపోషకత అంటే ఒక ఇల్లు తనకు కావలసిన తిండిని, ఇంధనాన్ని తన శ్రమతో, తన నిల్వలతో సమకూర్చుకోగలగడం. ప్రబంధాలలో ఈ భావం సాధారణంగా పాడిపంటల సమృద్ధిగా వ్యక్తమవుతుంది. ఆముక్తమాల్యద మాత్రం దానిని పంటతో పాటు వంటచెరకుతోనూ కొలుస్తుంది. ప్రథమాశ్వాసంలోని కొబ్బరి పొరియల మంట నుంచి చతుర్థాశ్వాసంలోని రాజనీతి వరకు ఈ కొలమానం ఎలా సాగిందో పరిశీలిస్తే, స్వయంపోషకతకు రాయలు చూపిన బలమూ హద్దూ రెండూ తేటపడతాయి.

పోలికకు మనుచరిత్రను ముందుగా చూడవచ్చు. అదే ఆస్థానానికి చెందిన అల్లసాని పెద్దన ప్రథమాశ్వాసంలో ప్రవరుని ఇంటిని పరిచయం చేస్తాడు. ప్రవరుడు దానంగా సాలగ్రామాన్ని కూడా పుచ్చుకోడు. అతని మాన్యక్షేత్రాలు అనేక విధాలుగా పండుతాయి. ఇంట్లో పాడీ పంటా ఎన్నడూ తరగవు. వేయిమంది వచ్చినా వండడానికి అలసిపోని గృహిణి ఉంది. అర్ధరాత్రి అతిథి వచ్చినా లోటు లేదు. స్వయంపోషకతకు ఇంతకంటే నిండైన చిత్రం ప్రబంధాలలో అరుదు. అయితే ఇది ఫలితాన్ని ప్రకటించే చిత్రం. పాడీ పంటా ఎందుకు తరగవో, గృహిణి ఎందుకు అలసిపోదో పద్యం చెప్పదు. ఆమెను అన్నపూర్ణతో పోల్చడంతోనే ఆమె శ్రమ అదృశ్యమవుతుంది. మరొక విషయం కూడా గమనించదగినది. మాన్యమంటే పన్ను లేకుండా ఇచ్చిన భూమి. ఏ దానమూ పట్టని ప్రవరుని స్వాతంత్ర్యం ఒక పూర్వదానం మీద నిలిచి ఉంది. పెద్దన ఈ వైరుధ్యాన్ని విప్పలేదు. అతని కథకు ఆ అవసరం లేదు. ఇల్లు విడిచి హిమవత్పర్వతానికి వెళ్లిన ప్రవరుడికి ఇంటి విలువ తెలియాలంటే, ఆ ఇల్లు ముందే ఏ లోటూ లేనిదిగా కనిపించాలి.

విష్ణుచిత్తుని ఇల్లు కూడా అతిథులతో నిండినదే. కానీ అక్కడ రాయల చూపు ఫలితం మీద కంటే జరిగే పని మీద ఉంది. న్యాయంగా ఆర్జించిన విత్తంతోనే ఆ యోగి అన్నం పెడతాడని కావ్యం చెబుతుంది. ఆ తరువాతి విషయమంతా కాలం తెలిసి ఇల్లు నడపడమే.

ఆకాశం నీటిబుగ్గలా కురిసే ముసురు రోజులలో విష్ణుచిత్తుని భార్య కొబ్బరి పొరియలను పొయ్యిలో రగిలించి వండుతుంది. పొగ ఆమె కళ్లలోకి పోకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. భోజనంలో కలమాన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు పెట్టిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఉంటాయి. ఈ జాబితాలో పెరుగు, నెయ్యి, కూరలు తప్ప తక్కినవి దాదాపు అన్నీ ఇంట్లో ముందే దాచి ఉంచినవి. వడియాలకూ వరుగులకూ ఎండ కావాలి. పప్పు ఎండబెట్టి పొట్టు తీయాలన్నా, కొబ్బరి పొరియలు మండాలన్నా ఎండే కావాలి. వానాకాలపు ఈ భోజనం నిజానికి వేసవి ఎండ మీద ఆధారపడిన భోజనం. వడ్డించే గరిటె కూడా అగప, అంటే కొబ్బరి చిప్పతో చేసినది. ఒకే చెట్టు పొయ్యిలోకి ఇంధనాన్నీ చేతికి గరిటెనూ ఇస్తోంది.

వేసవి పద్యంలో నిల్వ పదార్థాలు తక్కువ. నులివెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పండ్లు, చల్లని సుగంధజలం, ఊరిన పిందెలు, నీరు కలిపిన చల్ల వడ్డనకు వస్తాయి. ఇవన్నీ ఆ పూటకు ఆ పూట ఖర్చయ్యేవి. పొయ్యి పని తక్కువ, నీటి పని ఎక్కువ. శీతకాలపు పద్యానికి వస్తే పొయ్యి మళ్లీ ప్రధానమవుతుంది. పునుగు తావి గల కొత్త బియ్యపు అన్నం, మిరియపు పొడితో చట్టిలో చుయ్యిమంటున్న కూరలు, ముక్కుకు ఘాటెక్కే ఆవ పచ్చళ్లు, ఊరుగాయలు, పాయసాన్నం, చేయి చురుక్కుమనే నెయ్యి, కాచిన పాలు ఆనాటి విందు. కొత్త బియ్యం ప్రస్తావనతో పంట ఇంటికి చేరిన సంగతి తెలుస్తుంది.

ఈ మూడు పద్యాలనూ విడివిడిగా చదివితే మూడు విందులు. కలిపి చదివితే ఒక సంవత్సరపు లెక్క. శీతకాలంలో ధాన్యం వస్తుంది, వేసవిలో ఎండబెట్టడం సాగుతుంది, వానలలో దాచినది వాడకానికి వస్తుంది. ఒక కాలపు మిగులు మరొక కాలపు కొరతను పూడుస్తుంది. ఇంటి స్వయంపోషకత భూమి విస్తీర్ణం కంటే ఈ ముందుచూపు మీద ఎక్కువగా ఆధారపడుతుందని పద్యాల నిర్మాణమే సూచిస్తోంది. ఆ ముందుచూపు ఎవరిదన్న ప్రశ్నకు వానాకాలపు పద్యంలో పేరు లేకపోయినా సమాధానం ఉంది. పెట్టేవాడు విష్ణుచిత్తుడు, వండేది భార్య. పెద్దన గృహిణిని దేవతను చేసి శ్రమను దాటిపోతే, రాయలు పొగకు మండే కళ్లను తలచుకొని శ్రమను చూపించాడు. అన్నదాన ప్రశంసలో వండే మనిషి కంటిబాధకు చోటు ఇవ్వడం చిన్న విషయం కాదు.

ఈ సందర్భంలోని భాషాభేదం కూడా అర్థవంతమైనది. అర్ధరాత్రి ఆ ఇంట వినిపించే గృహస్థుని మర్యాదవాక్యాలను రాయలు సంస్కృతంలో పలికించాడు. కూరలు ఎక్కువ లేవు, వేడి లేదు, పిండివంటలు లేవు, దయతో భుజించండి అన్నది వాటి సారం. లేమిని చెప్పే ఈ మాటలు సంస్కృతం, కలిమిని చూపే వడియాలు, వరుగులు, అగప, పొరియలు దేశ్యం. వినయం ఉపచార భాషలో ఉంది, సంపద ఇంటి భాషలో ఉంది. ఆ ఇల్లు తన నిల్వలను తనకోసం దాచుకోలేదన్నది కూడా ఇక్కడే స్పష్టమవుతుంది. వేళ కాని వేళ వచ్చినవారికి పెట్టగలగడానికే ఆ కూడబెట్టడమంతా. తలుపు మూసుకొని బతకగలగడాన్ని ఈ కావ్యం ఎక్కడా ఆదర్శంగా చెప్పదు.

ఇంతటితో ఆగితే విష్ణుచిత్తుని ఇల్లు ప్రవరుని ఇంటికి మెరుగైన రూపాంతరంగా మాత్రమే మిగిలేది. చతుర్థాశ్వాసంలోని వర్ష వర్ణన ఆ చిత్రానికి రెండో వైపు చూపిస్తుంది. అక్కడ అదే ముసురు, కానీ ఇళ్లు సామాన్యులవి. ఇల్లిల్లూ తిరిగితే గాని కాస్త నిప్పు దొరకదు. దొరికిన నిప్పు రాజుకోవడం కష్టం. రాజుకున్నా పొగ. వంట పూర్తి కావడమే ఒక ప్రయాస. ఒక ఇబ్బంది తీరగానే మరొకటి ఎదురయ్యేలా గొలుసుగా సాగే ఈ వర్ణనలో హాస్యపు ఛాయ లేకపోలేదు. అయినా ఆ గొలుసులో మొదటి కొక్కెం నిప్పు కావడం గమనార్హం. ధాన్యం లేదని కవి చెప్పలేదు. నిప్పు లేకపోతే ఉన్న ధాన్యం కూడా అన్నం కాదని చెప్పాడు.

ఈ రెండు వర్షాలనూ పక్కపక్కన చదవడం అవసరం. మొదటి దానిలో పొగ కళ్లలో పడకుండా ఏర్పాటు ఉంది, రెండో దానిలో పొగ తప్పదు. మొదటి ఇంట్లో ఎండిన పొరియలు ఉన్నాయి, రెండో ఇళ్లలో నిప్పే ఎరవు. ధాన్యాన్ని గాదెలో పోయవచ్చు, కూరను వరుగు చేయవచ్చు, పిందెను ఊరవేయవచ్చు. నిప్పును మాత్రం దాచలేరు. దానిని ఆరకుండా కాపాడుకోవాలి, ఆరితే ఇరుగుపొరుగును అడగాలి. అడిగినవారికి ఇచ్చినా తరగని వస్తువు కూడా అదే. అందువల్ల గృహ స్వయంపోషకతకు ఒక హద్దు ఈ పద్యంలో కనిపిస్తుంది. ఎంత కూడబెట్టుకున్న ఇంటికైనా పక్కింటి పొయ్యి అవసరమయ్యే రోజు ఒకటి ఉంటుంది.

అదే వర్షంలో రెడ్ల పద్యం మూడో రకం ఇంటిని చూపుతుంది. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెలో వేయించిన కూర, ఆరిక అన్నం అక్కడి భోజనం. పశువులు పొలానికి వెళ్లగా దూడలు ఒళ్లు నాకుతుంటే, మేక ఎరువు కుంపటి వెచ్చదనంలో రెడ్లు మంచమెక్కుతారు. విష్ణుచిత్తుని ఇంటి కలమాన్నానికి ఇక్కడ ఆరికలు, వరుగులకు బదులు వానకు మొలిచిన ఆకులు, కొబ్బరి పొరియలకు బదులు మేక ఎరువు. కొన్నదంటూ ఏదీ కనిపించని ఈ ఇల్లే కావ్యంలో స్వయంపోషకతకు అత్యంత సమీపమైనది. అయితే దానికీ ఒక ధర ఉంది. ఎరువు సహజంగా చేరవలసిన చోటు పొలం. కుంపటిలో కాలిన ఎరువు భూమికి అందని ఎరువు. కవి ఈ నష్టాన్ని వాచ్యం చేయలేదు. ఎంచుకున్న పదార్థమే దానిని ధ్వనింపజేస్తోంది.

చతుర్థాశ్వాసంలోనే యామునాచార్యుడు కుమారునికి చెప్పిన రాజనీతి ఉంది. దానిని రాజ్యతంత్రంగా విడదీసి చదవడం అలవాటు. కానీ ఇంటి చర్చ అక్కడ ముగింపుకు వస్తుంది. దేశం చిన్నదైనా గుంటలు, కాలువలు తవ్వించి, పేద రైతుకు అరికోరులలో వెసులుబాటు ఇస్తే అర్థమూ ధర్మమూ పెరుగుతాయన్నది ఒక పద్య సారం. మరొక పద్యంలో ఒక దుష్టాధికారి కనిపిస్తాడు. కష్టాలకు తాళలేక ప్రజలు ఊరు విడిచి పోతే అతడు వారిని తిరిగి పిలవడు. వారి పశువులూ ధాన్యమూ అమ్మకానికి పనికివస్తాయనీ, ఇళ్లు వంటచెరకుకు పనికివస్తాయనీ లెక్క వేస్తాడు. అలాంటి అధికారి ఉన్న రాజుకు ఏడు దీవులు దక్కినా సమృద్ధి లేదని పద్యం తీర్మానిస్తుంది.

రెడ్ల పద్యంలో ఇంటిని నిలబెట్టిన పశువే ఇక్కడ అమ్మకపు సరుకైంది. గాదెలో ఉండవలసిన ధాన్యమూ అదే దారి పట్టింది. చివరకు పొయ్యికి ఆశ్రయమైన ఇల్లే పొయ్యిలోకి కట్టె అయింది. స్వయంపోషకత విచ్ఛిన్నమయ్యే క్రమాన్ని ఇంత సంక్షిప్తంగా చెప్పిన పద్యం మరొకటి కావ్యంలో లేదు. ఎండబెట్టుకోవడం, దాచుకోవడం, ఏరుకోవడం వంటి గృహవిద్యలన్నీ తెలిసిన కుటుంబం కూడా నీరూ పన్నూ తన చేతిలో లేని చోట నిలవలేదు. ఇంటి లోపలి ముందుచూపుకు ఇంటి బయట గుంటా కాలువా తోడు కావాలి. ప్రవరుని మాన్యం విషయంలో పెద్దన చెప్పకుండా వదిలిన సంగతి రాయల రాజనీతిలో బాహాటమైంది.

ఈ పఠనానికి రెండు ఆక్షేపాలు రావచ్చు. ఋతువర్ణన ప్రబంధానికి విహితమైన అంగం కాబట్టి దానిలో గృహార్థశాస్త్రాన్ని వెదకడం అతివ్యాప్తి అనడం మొదటిది. సంప్రదాయం ఋతువర్ణనను కోరుతుంది గాని మేక ఎరువునూ కొబ్బరి పొరియలనూ కోరదు. విహితమైన చోట అవిహితమైన వస్తువు వచ్చినప్పుడు దానిని పట్టించుకోవడం విమర్శ ధర్మం. రెండో ఆక్షేపం మరింత బలమైనది. ఇది ఒక చక్రవర్తి చూపు. ముసురులో నిప్పు కోసం తిరిగే ఇళ్లు అతనికి వినోదపు దృశ్యం, మంచమెక్కిన రెడ్డి తృప్తికి నమూనా. ఆకులు ఏరినదెవరో, ఆరికలు దంచినదెవరో ఆ పద్యం చెప్పదు. రాజనీతి పద్యం కూడా వలస పోయిన రైతు దుఃఖం వైపు నుంచి కాక రాజు సమృద్ధి వైపు నుంచే మాట్లాడుతుంది. ఈ ఆక్షేపాన్ని అంగీకరించక తప్పదు. అయితే చూపు ఎవరిదైనా, ఆ చూపులో పడిన వస్తువులు చూపరి ఉద్దేశాన్ని మించి సాక్ష్యం చెబుతాయి.

తెలుగు పల్లె ఒకప్పుడు సర్వస్వతంత్రంగా, ఏ లోటూ లేకుండా బతికిందన్న భావనకు ప్రాచీన కావ్యాలను ఆధారంగా చూపడం కద్దు. ఆముక్తమాల్యద ఆ భావనకు పూర్తిగా లొంగదు. వరుగులూ వడియాలూ ఉన్న ఇంటితో పాటు నిప్పు కోసం పొరుగు గుమ్మం తొక్కిన ఇంటినీ, వంటచెరకుగా మారబోయే ఖాళీ ఇంటినీ అది ఒకే కావ్యంలో నిలిపింది. ప్రథమాశ్వాసపు విస్తరిని చతుర్థాశ్వాసపు పొయ్యితో కలిపి చదివినప్పుడే విష్ణుచిత్తుని ఇంటి పొగలేని మంట ఎంత శ్రమతో, ఎన్ని ఆధారాల మీద వెలిగిందో అర్థమవుతుంది.