ప్రతినాయకుని ప్రాయశ్చిత్తము

నాయకుని విషయమున మన ఆలంకారికులు చూపిన శ్రద్ధ ప్రతినాయకుని విషయమున చూపలేదు. ధనంజయుడు దశరూపకమున నాయకునికి నాలుగు భేదములు చెప్పి, గుణములను ఒక్కొక్కటిగా వివరించి, ప్రతినాయకునికి అర్ధశ్లోకముతో సరిపుచ్చినాడు. అతడు లుబ్ధుడు, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపి, వ్యసనపరుడు: అంతే. దండి మరియొక అడుగు ముందుకు వేసి, శత్రువు యొక్క వంశమును, పరాక్రమమును, విద్యను కూడ వర్ణించి ఆపైన నాయకునిచే జయింపజేసినచో నాయకుని ఉత్కర్ష పెరుగునని చెప్పినాడు. ఇద్దరి దృష్టిలోను ప్రతినాయకుడు నాయకుని కొరకే పుట్టి, నాయకుని కొరకే చచ్చును. ఒక రాత్రితో ముగిసిపోవు నాటకమునకు ఈ లక్షణము చాలును. ఏండ్ల తరబడి సాగు కథకు ఇది చాలునా?

ఈ ప్రశ్న నేడు కేవలము శాస్త్రచర్చ కాదు. తెలుగు రచయితలలో ఎందరో ఇప్పుడు ధారావాహికలకు, భాగములు భాగములుగా వచ్చు చలనచిత్రములకు రచన చేయుచున్నారు. వారికి ఎదురగు మొదటి చిక్కు ప్రతినాయకునితోనే. పదే పదే ఓడిపోయి పదే పదే తిరిగివచ్చు శత్రువును చూచి ప్రేక్షకుడు భయపడుట మానును. భయము పోయిన చోట రెండే మిగులును: విసుగు, లేదా కుతూహలము. విసుగును కప్పిపుచ్చుటకు రచయిత శత్రువునకు మరింత సైన్యమును, మరింత పెద్ద ఆయుధమును ఇచ్చును. కుతూహలమును మన్నించిన రచయిత, ‘వీడు ఇట్లు ఎందుకయినాడు?’ అని అడుగును. వికాసమన్నది ఈ రెండవ మార్గమున మాత్రమే సాధ్యము.

ఈ సమస్య అతి స్పష్టముగా కనబడునది పాశ్చాత్యుల వైజ్ఞానిక ధారావాహికలలో. అక్కడ మృత్యువు కూడ అంతిమము కాదు. కాలయానము కలదు, పునఃసృష్టి కలదు. కనుక ప్రతినాయకుని చంపి చేతులు కడుగుకొను సౌకర్యము రచయితకు లేదు.

బ్రిటిష్ టెలివిజన్‌లో 1963లో ప్రారంభమైన ‘డాక్టర్ హూ’ను తీసికొనవచ్చును. ఆ సంవత్సరాంతముననే అందులో డాలెక్కులు ప్రవేశించినవి. లోహకవచములలో దాగి, తమవి కాని ప్రాణులనెల్ల ద్వేషించు జీవులవి. పండ్రెండేండ్ల పాటు అవి వచ్చి పోవుచునే ఉన్నవి. వాటి సృష్టికర్తయైన టెరీ నేషన్ 1975లో వాటి పుట్టుకను కథగా వ్రాసి, డావ్రోస్ అను శాస్త్రజ్ఞుని ప్రవేశపెట్టినాడు. సమస్త జీవరాశిని నశింపజేయు విషక్రిమి చేతిలో ఉన్నచో దానిని విడిచిపెట్టుదువా అని కథానాయకుడు ప్రశ్నించును. డావ్రోస్ ఆ ఊహకే పరవశించి, విడిచిపెట్టుదునని ఒప్పుకొనును. ఆ కథలోనే డాలెక్కులను మొలకలోనే తుంచివేయు అవకాశము కథానాయకుని చేతికి వచ్చును. రెండు తీగలను కలిపిన చాలును. కాని అతడు, నాకు ఆ హక్కు కలదా అని తటపటాయించును. శత్రువు కథ లోతైనకొలది నాయకుని ధర్మసంకటము కూడ లోతైనది. దండి చెప్పిన ఉత్కర్షకు ఇది మరియొక అర్థము.

అయితే ఈ వివరణకు వెల లేకపోలేదు. ఆ పిమ్మట 1979 నుండి 1988 వరకు వచ్చిన డాలెక్కుల కథలన్నిటిలోను డావ్రోసే ప్రధానుడై, అవి అతని నీడలుగా మిగిలినవి. ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలలోని బోర్గులకును ఇదే గతి పట్టినది. 1989లో అవి వచ్చినపుడు వాటికి ముఖము లేదు, నాయకుడు లేడు, ‘నేను’ అను మాటయే లేదు. వాటి భీకరత్వమంతయు ఆ లేమిలోనే ఉన్నది. 1992లో ఆ సమూహము నుండి వేరుపడిన ఒక్క బోర్గు ‘నేను’ అనుట నేర్చుకొనును. అతనిని మారణాయుధముగా మార్చి తిరిగి పంపదలచిన నౌకాధిపతి ఆ మాట విని తన సంకల్పమును మానుకొనును. ఇది నిజమైన వికాసము. 1996లో వచ్చిన చలనచిత్రము బోర్గులకు ఒక రాణిని ఇచ్చినది. రాణి రాగానే అపూర్వమైన భయము పోయి, పరిచితమైన రాక్షసరాజ్యము మిగిలినది. కారణము చూపుట వేరు, యజమానిని చూపుట వేరు.

ఆ ధారావాహికలలోనే 1967లో శత్రుజాతిగా వచ్చిన క్లింగాన్లు, 1987 నాటికి మిత్రులైరి. వారిలో ఒకడు కథానాయకుల నౌకలోనే అధికారి. ఇది సుందరమైన మార్పే, కాని సులభమైనది. రాజ్యములు శత్రుత్వమును మాని మైత్రి చేసికొనునట్లు జాతులు మారినవి. తన చేతులతో చేసిన పాపమునకు ఒక వ్యక్తి సమాధానము చెప్పుకొనవలసిన అవసరము అక్కడ లేదు.

ఆ అవసరమును సూటిగా ఎదుర్కొన్నది 1993 నుండి 1999 వరకు సాగిన ‘డీప్ స్పేస్ నైన్’. బజోరు అను గ్రహమును కార్డాసియనులు అర్ధశతాబ్ది పాటు ఆక్రమించి, ప్రజలను శ్రమశిబిరములలో పీడించిరి. ఆ గ్రహమునకు కడపటి పాలకుడు డుకాట్. మొదటి కథలో అతడు కేవలము ప్రతినాయకుడు. పోనుపోను రచయితలు అతనికి చమత్కారమును, సాహసమును, బజోరు స్త్రీ వలన పుట్టిన కుమార్తె మీద మమకారమును ఇచ్చిరి. ప్రేక్షకుడు అతని పట్ల మెత్తబడును. 1998 నాటి ఒక కథలో రచయితలు ఆ మెత్తదనమునకే పరీక్ష పెట్టిరి. గాయపడిన శత్రువును ఎదుట ఉంచుకొని డుకాట్ తన పాలనను సమర్థించుకొనును. బాలల చేత పని మాన్పించితిని, తిండి పెంచితిని, అయినను వారికి కృతజ్ఞత లేదు అని వాపోవును. వాదము ముదిరి ముదిరి, వారినందరిని చంపవలసి ఉండెనన్న మాటతో ముగియును. పీడితుని నుండి కృతజ్ఞతను కోరు పీడకుని మనస్సును ఇంత నిష్కర్షగా చూపిన ఘట్టములు అరుదు. అటు తరువాత రచయితలే అతనిని దుష్టశక్తులు ఆవహించినవానిగా మార్చి, అగ్నిలో అంతము చేయుట విచారకరము. మనిషిగా భయపెట్టినవాడు పిశాచమై తేలిపోయినాడు.

ఆ కథలోనే డుకాట్ అనుచరుడు డమార్ ఉన్నాడు. అతనికి మొదట పేరు తప్ప చెప్పదగిన వ్యక్తిత్వము లేదు. దేశద్రోహమను నెపముతో డుకాట్ కుమార్తెను కాల్చి చంపినవాడు అతడే. పిమ్మట తన దేశము పరుల పాదాక్రాంతము కాగా, పేరునకు పాలకుడై, తాగుడులో మునిగి, తుదకు తిరుగుబాటు చేయును. ఆ తిరుగుబాటుదారులకు యుద్ధవిద్య నేర్పుటకు వచ్చినది కీరా. ఒకనాడు కార్డాసియనులపై పోరాడిన బజోరు స్త్రీ ఆమె. డమార్ భార్యాబిడ్డలను శత్రువులు చంపినారన్న వార్త వచ్చును. నిరపరాధులను చంపుమని ఆజ్ఞాపించువారు ఎట్టి మనుష్యులని అతడు దుఃఖించును. ఆ ప్రశ్ననే కీరా అతనికి తిరిగి అప్పగించును. అతడు మారుపలుకక వెళ్లిపోవును. పిదప, పాత కార్డాసియాను తిరిగి నిలుపుదమని కీరాపై ఆయుధమెత్తిన తన స్నేహితునే డమార్ చంపును. ఉపన్యాసము లేదు, క్షమాపణ లేదు. ప్రశ్న వేసినది పీడితజాతి స్త్రీ. సమాధానము చెప్పినది పీడకుని చేయి. ప్రతినాయకుని వికాసమునకు ఇంతకంటె శుద్ధమైన ఉదాహరణము టెలివిజన్ కథలలో దొరకుట కష్టము.

తెలుగున వైజ్ఞానిక చిత్రములకు పేరు తెచ్చిన ‘ఆదిత్య 369’ (1991) లోని దుష్టుడు పురావస్తువులను అపహరించు ధనికుడు. కథ ముగియగనే అతని పని ముగిసినది. దీర్ఘకథకు తగిన ప్రతినాయకుని ప్రశ్న మనకు 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’తో వచ్చినది. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ పాత్రను కొత్తగా కల్పింపలేదు. మనకున్న అతిదీర్ఘ ధారావాహికయగు మహాభారతము నుండి అశ్వత్థామను తెచ్చినాడు. కలియుగారంభము క్రీ.పూ. 3102 అను సంప్రదాయమును బట్టి లెక్కించిన, చిత్రమున చెప్పిన 2898 నాటికి ఆరువేల యేండ్లు. అంతకాలము బ్రతికి ఉన్న ప్రతినాయకుడు అతడు.

ఆ ద్రోణపుత్రుని కథ వినుటకు గురుగ్రామ్ తగిన చోటు. ఢిల్లీని ఆనుకొనిన ఈ ఊరు ద్రోణాచార్యునకు కురువంశీయులు ఇచ్చిన గ్రామమని ఐతిహ్యము. 2016లో గుర్‌గావ్ అను పేరు మాని గురుగ్రామ్ అని వ్యవహరించుటకు కారణము అదే. ఆకాశమునంటు కార్యాలయముల నడుమ గురువు పేరు నిలిచినది. అక్కడికి చేరువనే ఉన్న ఖాండ్సాలో ఏకలవ్యునకు గుడి కలదు. వ్రేలు అడిగినవాని పేరు ఊరికి దక్కినది. వ్రేలు ఇచ్చినవానికి ఒక మూల గుడి దక్కినది. ఒకే కథను రెండు వైపుల నుండి చదువు అలవాటు మన జనమునకు కొత్త కాదని ఈ రెండు గురుతులు చెప్పుచున్నవి.

అశ్వత్థామ నేరము రెండు విధములు. నిద్రించుచున్న ద్రౌపదీపుత్రులను ఐదుగురిని చంపుట ఒకటి. ఉత్తర గర్భముపై అస్త్రమును ప్రయోగించుట రెండవది. శిరోమణిని కోల్పోయి, మూడువేల యేండ్లు రక్తపూయగంధముతో ఏకాకిగా తిరుగుమని కృష్ణుడు శపించినట్లు వ్యాసభారతము. ‘కల్కి’ ఈ రెండవ నేరమును పట్టుకొని ఒక చక్కని సమీకరణమును సాధించినది. గర్భమును చంపబూనినవాడు గర్భమును కాపాడుటకు నియుక్తుడైనాడు. కల్కిని మోయు సుమతికి అతడే రక్షకుడు. పాపము ఎచ్చటనో ప్రాయశ్చిత్తము అచ్చటనే. శాపమును కాలవ్యవధిగా గాక కర్తవ్యముగా మార్చుట ఈ చిత్రము సాధించిన నిజమైన కల్పన.

అయినను ఒక లోటు కలదు. చిత్రమున అశ్వత్థామను నియోగించునది కృష్ణుడు, క్షమించునది కాలము. చచ్చిన బిడ్డల తల్లి గొంతు మాత్రము వినబడదు. వ్యాసుని ద్రౌపది అట్లు ఊరకుండలేదు. ప్రాయోపవేశమునకు కూర్చుండి, శిరోమణి తన ఎదుటకు వచ్చిన పిదప మాత్రమే గురుపుత్రుని మీది పట్టుదలను విడిచినది. భాగవతమున, పోతన చేతిలో తెలుగువారికి కంఠస్థమైన ఘట్టమున, కట్టి తెచ్చిన అశ్వత్థామను చూచి ఆమె విడిపించుమనును. తన వలె కృపి కూడ పుత్రశోకమున ఏడువరాదని ఆమె కోరిక. భీముడు ఒప్పుకొనడు. ఆ వివాదములో న్యాయము, దయ రెండును పలుకును. అనగా ప్రతినాయకుని పట్ల మెత్తబడు అధికారము రచయితది కాదు, దేవునిది కూడ కాదు, నష్టపోయినవారిదని మన కావ్యములు ఎన్నడో గుర్తించినవి. కీరా ప్రశ్న వెనుక ఉన్నదియు ఈ ధర్మమే.

మన ధారావాహికలకు, చిత్రములకు ఈ ధర్మమే పరీక్ష. ప్రతినాయకునికి వైభవమిచ్చుటలో తెలుగువారు ఎవ్వరికిని తీసిపోరు. ఎన్.టి. రామారావు ‘భూకైలాస్’ (1958), ‘సీతారామ కళ్యాణము’ (1961) చిత్రములలో రావణునికి, ‘దాన వీర శూర కర్ణ’ (1977)లో దుర్యోధనునికి ఇచ్చిన ఠీవి జనహృదయమున నిలిచినది. కాని ఠీవి వికాసము కాదు. ఠీవి పాత్రను ఎత్తయిన పీఠము మీద నిలబెట్టును. వికాసము దానిని పీఠము నుండి దింపి నడిపించును. మన దినధారావాహికలలో వేయి భాగములు గడిచినను పగబట్టిన మనిషి మొదటి దినమున పట్టిన పగతోనే నిలిచియుండును. అతనికి ఠీవియు లేదు, నడకయు లేదు.

‘కల్కి’ మొదటి భాగము ముగియునప్పటికి సుప్రీమ్ యాస్కిన్ అను అసలు శత్రువు ఒక్క బొట్టు రసముతో యౌవనమును పొంది గాండీవమును చేపట్టును. అతడు ఎవడో మనకింకను తెలియదు. అతనికి మరింత బలమునిచ్చుట సులభము. సైన్యమునిచ్చుట అంతకంటె సులభము. ఎవరి గర్భముల నుండి ఆ రసము తీయబడినదో ఆ స్త్రీలలో ఒకతె అతని ఎదుట నిలిచి ఒక ప్రశ్న వేయుట కష్టము. అట్లే ఆరువేల యేండ్ల రక్షకుని ఎదుట ఉపపాండవుల పేర్లు ఒక్కసారి పలికించుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చుకొనిన రచయిత చేతిలోనే అశ్వత్థామ శాపము తీరును.