చించేదాకా చిరగకూడదు

సమోసా పళ్లెంలోనో, పిజ్జా పెట్టె మీదో వచ్చే టమాటా కెచప్ ప్యాకెట్ రెండు పనులు చెయ్యాలి. నింపిన రోజు నుంచి నెలల తరబడి లారీ కుదుపులనీ, గోదాము వేడినీ, అట్టపెట్టెలో తన మీద పడ్డ మిగతా ప్యాకెట్ల బరువునీ ఓర్చుకోవాలి. లోపలి చుక్క బయటికి రాకూడదు, బయటి గాలి లోపలికి పోకూడదు. తీరా తినే మనిషి వేళ్లతో పట్టుకుని లాగగానే కత్తెర అడక్కుండా, పళ్లతో పని లేకుండా తెరుచుకోవాలి. మొదటి పనికి మొండితనం కావాలి, రెండో పనికి లొంగుబాటు కావాలి. పది గ్రాములకి అటూ ఇటూగా పట్టే ఈ పొట్లంలోని పనితనమంతా ఆ రెండు గుణాలనూ ఒకే ఫిల్ములో ఇమడ్చడంలో ఉంది.

ఇంత తంటా ఎందుకంటే, హోటల్ బల్ల మీది సాస్ సీసాని చూస్తే తెలుస్తుంది. దాని మూతి చుట్టూ ఎండి నల్లబడిన సాస్ పేరుకుంటుంది. ఎన్నో చేతులు దాన్ని పట్టుకుంటాయి. అడుగున పాతది ఉండగానే పైన కొత్తది పోస్తారు. ఒక్కరికి సరిపడే ప్యాకెట్‌లో ఈ బెడద లేదు. సీలు పడ్డాక లోపలి పదార్థాన్ని మొదట తాకేది తినేవాడే. అమెరికాలో హెరాల్డ్ రాస్, యేల్ కాప్లన్ ఇలాంటి ప్యాకెట్‌కి 1955లో పేటెంటు పొందారు. హైన్జ్ కంపెనీ 1968లో కెచప్ ప్యాకెట్లు తెచ్చింది. మన దేశంలో చిన్న ప్యాకెట్‌ని చించి వాడుకునే అలవాటు షాంపూతో బలపడింది. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ షాంపూని సాషేల్లో నింపి అమ్మి ఆ దారి వేశారు.

ముందు ఫిల్ము సంగతి చూద్దాం. చేతికి ఒకే కాగితంలా తగిలే ఈ ఫిల్ములో సాధారణంగా మూడు పొరలు ఉంటాయి. బయటిది పాలియెస్టర్, సుమారు 12 మైక్రాన్లు. నడిమిది అల్యూమినియం రేకు, 7 నుంచి 9 మైక్రాన్లు. లోపలిది పాలిథిన్, 40 నుంచి 50 మైక్రాన్లు. వీటి మధ్య జిగురు పూతలున్నాయి. అన్నీ కలిపినా మొత్తం మందం మనిషి తల వెంట్రుకంత.

ఒక్కో పొరకి ఒక్కో బాధ్యత. పాలియెస్టర్‌ని తయారీలోనే నిలువుగా, అడ్డంగా రెండు వైపులా సాగదీస్తారు. అందువల్ల అది బిగువుగా, మెరుపుగా ఉంటుంది, లాగితే సాగదు. బొమ్మలూ అక్షరాలూ దాని మీదే అచ్చవుతాయి, కానీ బయటి ముఖాన కాదు. లోపలి ముఖాన అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి అచ్చేసి, దాని వెనక రేకుని అంటిస్తారు. సిరా రెండు పొరల మధ్య చిక్కుకుపోతుంది. ప్యాకెట్లు ఒకదాన్నొకటి ఎంత రాసుకున్నా రంగు చెరగదు. సిరా తినేవాడి వేలికీ అంటదు, కెచప్‌కీ తగలదు.

అల్యూమినియం రేకు పని వెలుతురునీ, ఆక్సిజన్‌నీ, తేమనీ అడ్డుకోవడం. ఆక్సిజన్ తగిలితే కెచప్ ఎరుపు గోధుమరంగుకి తిరుగుతుంది, రుచి చప్పబడుతుంది. ఇంత పల్చగా సాగగొట్టిన రేకులో కంటికి కనిపించని సూదిబెజ్జాలు కొన్ని ఉండక తప్పదు. రెండు వైపులా ప్లాస్టిక్ పొరలు అతుక్కుని ఉండటంతో అవి మూసుకుపోయినంత పని అవుతుంది. ఒంటరిగా మడత పెడితే పగిలే రేకు పాలియెస్టర్ తోడుగా ఉన్నప్పుడు చాలావరకు తట్టుకుంటుంది. ఖర్చు తగ్గించాలనుకునేవారు రేకు బదులు, శూన్యంలో అల్యూమినియం ఆవిరిని పూతగా పట్టించిన పాలియెస్టర్‌ని వాడతారు. అదీ మెరుస్తుంది, కానీ రేకంత గట్టి కాపలా కాదు.

పాలిథిన్ ఆహారాన్ని తాకే పొర. సీలు పడేది కూడా దీనితోనే. ఈ ఫిల్ములోని అసలు తెలివి ఇక్కడే ఉంది. సాధారణ పాలిథిన్ 110 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో కరుగుతుంది. పాలియెస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు కావాలి. ప్యాకెట్‌ని అతికించే వేడి బయటి నుంచే రావాలి, అంటే పాలియెస్టర్‌నీ రేకునీ దాటుకుని లోపలికి చేరాలి. రెండు వైపుల నుంచి సీలింగ్ బార్లు నొక్కినప్పుడు బయటి పొర చెక్కుచెదరదు. లోపల ఎదురెదురుగా ఉన్న పాలిథిన్ పొరలు మాత్రం మెత్తబడి, ఒకదానిలో ఒకటి కలిసి, చల్లారేసరికి ఒక్కటైపోతాయి. అక్కడ జిగురు లేదు, కుట్టు లేదు. రెండు పదార్థాలు కరిగే వేడిలో ఉన్న తేడాయే అతుకు వేసింది.

ఈ అతుకుకి మూడు కుదరాలి: వేడి, ఒత్తిడి, సమయం. వేడి తగ్గితే అతుకు పైపైన పడి వేలితో నొక్కగానే ఊడుతుంది. ఎక్కువైతే పాలిథిన్ పక్కలకి పారిపోయి, అతుకు అంచు పల్చబడి అక్కడే తెగుతుంది. ప్యాకెట్ అంచుని వెలుతురులో వాల్చి చూస్తే సన్నని గీతలు కనిపిస్తాయి. అవి అలంకారం కాదు. బార్ల మీద చెక్కిన గాడుల ముద్రలు. నొక్కుడు బలాన్ని ఆ గీతల మీదికి చేర్చి, మధ్యలో చిక్కిన పదార్థాన్ని పక్కకి నెట్టి, అతుకుని బిగించడం వాటి పని.

ఇప్పుడు మెషిన్. పెద్ద రోల్ నుంచి ఫిల్ము దిగుతుంది. ఊగే రోలర్ ఒకటి దాని బిగువుని ఒకే తీరుగా ఉంచుతుంది. ఫిల్ము అంచున వరసగా అచ్చేసిన చిన్న నల్ల గుర్తులుంటాయి. ఒక ఫొటోసెల్ వాటిని కనిపెడుతూ, కోత ఎప్పుడూ బొమ్మల మధ్యనే పడేలా ఫిల్ము నడకని సరిదిద్దుతుంది. ఎక్కువ ఉత్పత్తి ఉన్న చోట వెడల్పాటి ఫిల్ముని సన్నని పట్టీలుగా చీల్చి, ఒకే మెషిన్‌లో చాలా వరసలు పక్కపక్కనే నడుపుతారు.

ప్రతి వరసలో జరిగేది ఒకటే. ముందు నిలువు అంచులు అతుక్కుని ఫిల్ము గొట్టంలా మారుతుంది. తరవాత అడ్డ బార్లు అడుగుని మూస్తాయి. పై నుంచి గొట్టంలోకి దిగి ఉన్న నాజిల్ కొలత ప్రకారం కెచప్ వదులుతుంది. ఫిల్ము ఒక ప్యాకెట్ పొడవు కిందికి జరుగుతుంది. బార్లు మళ్లీ కలుసుకుంటాయి. ఈసారి అవి వేసిన వెడల్పాటి అతుకు కింది ప్యాకెట్‌కి పైమూత, పై ప్యాకెట్‌కి అడుగు. దాని నడుమ కత్తి పడుతుంది. ఒక్క నొక్కుతో రెండు పనులు అయ్యాయి.

ఇక్కడో చిక్కుంది. అడుగు అతుకు పడీ పడగానే, అది పూర్తిగా చల్లారకముందే, తరవాతి మోతాదు బరువు దాని మీద పడుతుంది. చల్లారాక ఎంత గట్టిదైనా ఆ క్షణంలో విడిపోతే లాభం లేదు. వేడి మీద కూడా పట్టు విడవని పాలిథిన్ రకాల్ని లోపలి పొరకి ఎంచుకునేది ఇందుకే.

మోతాదు కొలిచేది పిస్టన్. వెనక్కి కదిలినప్పుడు నిర్ణీత పరిమాణం లోపలికి లాక్కుని, ముందుకి కదిలినప్పుడు నాజిల్ వైపు నెడుతుంది. కెచప్ స్వభావం ఇక్కడ సాయపడుతుంది. కదలకుండా ఉన్నంతసేపు చిక్కగా ముద్దలా ఉంటుంది, ఒత్తిడి పెట్టి నెడితే పల్చబడి పారుతుంది, నెట్టడం ఆపగానే మళ్లీ చిక్కబడుతుంది. కానీ చివర్న నాజిల్ మూతి నుంచి ఒక తోక వేలాడుతుంది. అది ఫిల్ము గోడకి అంటితే సరిగ్గా అతుకు పడాల్సిన చోట మరక ఏర్పడి ప్యాకెట్ కారుతుంది. అందుకే మోతాదు అయిపోగానే నాజిల్ కొద్దిగా వెనక్కి పీలుస్తుంది, లేదా దాని మూతిలోనే ఉన్న చిన్న కవాటం తోకని తెంచేస్తుంది. సాస్ ప్యాకెట్ కారిందంటే నేరం చాలాసార్లు ఫిల్ముది కాదు, ఈ తోకది.

తయారైనవాటిలో కొన్నింటిని తీసి పరీక్షిస్తారు. నీళ్లున్న గాజు పాత్రలో ముంచి, మూత పెట్టి, పైన గాలిని తోడేస్తారు. బయటి ఒత్తిడి తగ్గగానే ప్యాకెట్ ఉబ్బుతుంది. ఎక్కడైనా సందుంటే బుడగల వరస అది ఎక్కడుందో చూపిస్తుంది.

శుభ్రతలో సగం పని పదార్థానిదే. మన ఆహార ప్రమాణాల ప్రకారం టమాటా కెచప్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 25 శాతం, ఆమ్లత కనీసం 1 శాతం ఉండాలి. పులుపు పెరిగి పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగితే ప్రాణాంతకమైన బోటులిజం విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. కెచప్ పీహెచ్ సుమారు 4 ఉంటుంది. చాలాచోట్ల దాన్ని వేడిగానే నింపుతారు. పులుపు, ఉప్పు, చక్కెర, వేడి లోపలి శత్రువుల్ని చూసుకుంటే, బయటివాళ్లని ఆపడమే ఫిల్ముకి మిగిలిన పని.

ఇక తెరవడం. పాలియెస్టర్ అంచు నున్నగా ఉన్నంతసేపు వేళ్ల బలానికి లొంగదు, ఎందుకంటే లాగుడు అంచు పొడవునా పంచుకుపోతుంది. అదే అంచు మీద ఒక చిన్న గాటు ఉంటే బలమంతా ఆ గాటు మొనకి చేరుతుంది. అక్కడ పొర తెగడం మొదలైతే ఇక ఆగదు. ఈ గాటు సీలు పడిన అంచులోనే ఉంటుంది, అతుకు దాటి లోపలికి పోదు. కాబట్టి గాటు ఉన్నా ప్యాకెట్ కారదు. కొన్ని ప్యాకెట్లకి విడిగా గాటు ఉండదు, అంచు మొత్తాన్ని రంపపు పళ్లలా కోస్తారు. ప్రతి పంటి సందూ ఒక గాటే, ఎక్కడ పట్టుకున్నా చిరుగుతుంది. నెలల తరబడి పనిచేసిన మొండితనాన్ని రద్దు చెయ్యడానికి మిల్లీమీటరో రెండో ఉన్న ఒక కోత సరిపోయింది.

ఈ పద్ధతికి కఠిన పరీక్ష మన పచ్చడి. రైలు భోజనంతో, విమాన భోజనంతో వచ్చే మామిడికాయ పచ్చడి ప్యాకెట్‌లో నూనె ఉంది, ఆవపిండి ఉంది, ముక్క ఉంది. మెషిన్‌కి పదార్థం అందించే తొట్టిలో, అంటే హాపర్‌లో, ఊరికే వదిలితే నూనె పైకి తేలి, ముక్క అడుగుకి దిగుతుంది. అప్పుడు ఒక ప్యాకెట్‌లో నూనె, ఇంకోదానిలో ముక్కలు పడతాయి. అందుకని హాపర్‌లో ఎప్పుడూ కలియబెడుతూ ఉండాలి. ముక్క నాజిల్‌లో ఇరుక్కోకూడదు, అతుకు కిందికి రాకూడదు. అందుకే జాడీలో పెట్టే చెక్క వేరు, ప్యాకెట్‌లోకి తరిగే చిన్న ముక్క వేరు. అతుకు పడే చోట నూనె పల్చని పొరగా అంటినా పాలిథిన్‌కి పాలిథిన్ తగలదు. నూనె అంటినా దాన్ని తోసుకుని అతుక్కునే అయోనమర్ అనే ప్లాస్టిక్ రకాన్ని ఇలాంటి చోట లోపలి పొరగా వాడతారు. ఉప్పు, పులుపు, కారపు నూనె కలిసి పొరల మధ్య జిగురుని కూడా మెత్తబరచగలవు. కాబట్టి పచ్చడికి వాడే ఫిల్ములో జిగురు కూడా వాటికి తట్టుకునేదై ఉండాలి.

చించనవసరం లేని దారుల్నీ కొందరు వెతికారు. ఒసాకాలో తెరువో వతనబే 1954లో సోయా సాస్ కోసం ఎర్ర మూతి ఉన్న చేప ఆకారపు చిన్న సీసా తయారుచేశారు. అమెరికన్ ఆవిష్కర్త శాన్‌ఫర్డ్ రెడ్మండ్ కనిపెట్టిన డిస్పెన్‌పాక్ జపాన్‌లో బాగా పాతుకుపోయింది. దాని పైభాగం గట్టి రేకు, నడుమ చిన్న ఉబ్బు. కింద రెండు మెత్తటి అరలు, ఒకదానిలో కెచప్, మరోదానిలో ఆవాల సాస్. రెండు వేళ్లతో మడిస్తే వంపు బలమంతా ఆ ఉబ్బు మీద పడి అక్కడ పగులుతుంది, రెండు సాసులూ పక్కపక్కనే ధారలుగా దిగుతాయి. ఒంటి చేత్తో పని అయిపోతుంది, వేలికి చుక్క అంటదు. హైన్జ్ 2010లో తెచ్చిన గిన్నె ఆకారపు ప్యాకెట్ మరో దారి. పాతదానికి మూడింతలు పడుతుంది. మూత పూర్తిగా ఊడదీస్తే ముంచుకోవచ్చు, మూతి దగ్గర చించితే పిండుకోవచ్చు.

ఇంత నేర్పుగా అతికించిన పొరల్ని మళ్లీ విడదీయడం మాత్రం కష్టం. పాలియెస్టర్, అల్యూమినియం, పాలిథిన్ విడివిడిగా ఉంటే దేన్నయినా కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కలిసి ఉంటే చెత్త ఏరేవాళ్లకి కూడా గిట్టుబాటు కాదు. దక్షిణ ఆస్ట్రేలియా 2025 సెప్టెంబరు నుంచి సోయా సాస్ చేపల్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో 2030 నుంచి హోటళ్లలో కూర్చుని తినేవారికి ప్లాస్టిక్ సాస్ ప్యాకెట్లు ఇవ్వడం కుదరదు. ఆసుపత్రుల్లో శుభ్రత కోసం అవసరమైన చోట మాత్రం మినహాయింపు ఉంది. ఈ ప్యాకెట్ అసలు విలువ ఏమిటో ఆ మినహాయింపే చెబుతోంది.

అందుకే ఇప్పుడు ఒకే జాతి ప్లాస్టిక్‌తో మొత్తం ఫిల్ము చెయ్యాలని చూస్తున్నారు. లోపలా పాలిథినే, బయటా పాలిథినే. బయటి పొరని ఒక దిక్కున బాగా సాగదీసి బిగువు తెప్పిస్తారు. అలా సాగదీసిన పొర ఆ దిక్కునే తిన్నగా చిరుగుతుంది కూడా. రేకు బదులు ఆక్సిజన్‌ని ఆపే పల్చటి పొర మధ్యలో పెడతారు. కానీ పాలియెస్టర్‌తో ఉన్నప్పుడు లోపలి పొరకీ బయటి పొరకీ కరిగే వేడిలో నూరు డిగ్రీలకి పైగా ఎడం ఉండేది. మెషిన్ నడిపేవాడి చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ఆ ఎడం కాపాడేది. ఇప్పుడు అది కొద్ది పదుల డిగ్రీలకి కుదించుకుపోయింది. లోపలిది కరగాలి, బయటిది కరగకూడదు, అదీ క్షణంలో సగం కూడా లేని వ్యవధిలో. పదార్థం ఇచ్చిన వెసులుబాటు తగ్గినకొద్దీ ఆ భారం బార్ల వేడిని డిగ్రీ తేడా లేకుండా నిలబెట్టే మెషిన్ మీద, దాన్ని నడిపే మనిషి మీద పడుతోంది.