అనుదిన ధ్యానాల్లో చేపలమ్మే స్త్రీ ఎక్కడ?

తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో బైబిలు తర్వాత ఎక్కువగా నలిగిపోయే పుస్తకం అనుదిన ధ్యానాల పుస్తకం. పైన తేదీ, దాని కింద ఒక వాక్యం, అరపేజీ వివరణ, అందులో ఎవరి జీవితంలోనిదో ఒక చిన్న సంఘటన, చివర రెండు మూడు పంక్తుల ప్రార్థన. ఏడాదికి 365 పేజీలు. కథలూ నవలలూ ఎన్నడూ చేతపట్టని స్త్రీలు కూడా పొయ్యి వెలిగించకముందే ఒక పేజీ చదువుకుంటారు. చదవడం రానివాళ్ళు పిల్లలచేత చదివించుకుని వింటారు. ఇంత విస్తృతంగా స్త్రీలు చదివే వచనాన్ని మన సాహిత్య విమర్శ ఎందుకు పట్టించుకోలేదు? అది మతప్రచారం కనుక సాహిత్యం కాదని మన విమర్శకుల ధీమా. స్త్రీవాదులమైన మనం కూడా ఆ ధీమాను పెద్దగా ప్రశ్నించలేదు. వ్రతకథల్ని, మంగళహారతుల్ని స్త్రీల సాహిత్యంగా చదవడం నేర్చుకున్నాం గానీ వీటి జోలికి పోలేదు.

ఈ ప్రక్రియకు చరిత్ర ఉంది. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ సంఘం 1728లో రోజుకొక వాక్యాన్ని ఇంటింటికీ అందించడం మొదలుపెట్టింది. 1731 నుంచి వాటిని ఏడాదికొక పుస్తకంగా అచ్చువేస్తూ వచ్చింది. అయితే ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రక్రియను ప్రపంచమంతా మోసుకెళ్ళిన రెండు పుస్తకాల వెనక ఇద్దరు స్త్రీలున్నారు. తెలుగులో ‘ఎడారిలో సెలయేర్లు’గా మనవాళ్ళు చదువుకునే పుస్తకాన్ని లెట్టీ కౌమన్ 1925లో కూర్చింది. ఆమె, భర్త ఛార్లెస్ జపాన్‌లో మిషనరీలు. ఆయనకు గుండెజబ్బు వచ్చాక ఇద్దరూ అమెరికా తిరిగి వెళ్ళారు. ఆయన 1924లో మరణించాడు. రోగి పక్కన కూర్చున్న ఏళ్ళలో ఆమెను నిలబెట్టిన మాటల పోగు ఆ పుస్తకం. అట్ట మీద మాత్రం ఆమె పేరు లేదు, ‘మిసెస్ ఛార్లెస్ ఇ. కౌమన్’ అని ఉంది.

రెండో ఆమె బిడ్డీ ఛాంబర్స్. భర్త ఆస్వాల్డ్ ప్రసంగిస్తుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేది. ఆయన 1917లో ఈజిప్టులో చనిపోయాడు. పసిబిడ్డను పెంచుకుంటూ, విద్యార్థులకు భోజనవసతి నడుపుకుంటూ, ఆ నోట్సు నుంచి ఏరి, కత్తిరించి, రోజుకొక పేజీగా మలిచి 1927లో ‘మై అట్‌మోస్ట్ ఫర్ హిజ్ హైయెస్ట్’ తెచ్చింది. గ్రంథకర్త ఆస్వాల్డ్. ముందుమాట కింద రెండక్షరాలు: బి.సి. ఏ ప్రసంగంలోని ఏ మాట ఏ రోజుకు పనికొస్తుందో తేల్చడం రచన కాకపోతే మరేమిటి?

కనుక ఈ ప్రక్రియ పుట్టుకలో స్త్రీ శ్రమ ఉంది. అందులో చెప్పే జీవితంలో స్త్రీ శ్రమ ఉందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నతో ఈ పేజీల్ని పూడిమడకలో చదివి చూశాను.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని ఈ తీరగ్రామంలో బతుకంతా వేట మీదే. తెలుగువాళ్ళ మధ్య పనిచేసిన తొలితరం ప్రొటెస్టెంట్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్ 1805లో దిగింది ఇదే తీరాన, పైనున్న విశాఖపట్నంలో. సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని అక్కడ కూడా సాగింది. సువార్తల్లో సగం కథ వలల మధ్యే జరుగుతుంది కదా, ఈ ఊరి స్త్రీలకు ధ్యానాలు దగ్గరగా ఉండాలి. కానీ ధ్యానాల్లో సముద్రం ఎప్పుడూ ఉపమానమే. తుపాను అంటే కష్టాలు, పడవ అంటే సంసారం, వల అంటే సువార్త. గాలి నిజంగా లేచిన రాత్రి ఒడ్డున నిలబడ్డ మనిషికి తుపాను మరి దేనికీ గుర్తు కాదు.

యోహాను సువార్త చివరి అధ్యాయం తీసుకోండి. వలలో 153 పెద్ద చేపలు. ఆ అంకె మీద ఎన్ని శతాబ్దాల వ్యాఖ్యానాలో! పూడిమడకలో ఒకామె అడిగింది: “లెక్కెట్టినోళ్ళు ఎవరమ్మా? అమ్మినోళ్ళెవరు?” పండితులు ఈ ప్రశ్న వేయగా నేను వినలేదు. ఒడ్డుకొచ్చిన చేపను వేరుచేసి, వేలంలో పాడి, గంపకెత్తుకుని ఊళ్ళు తిరిగేది, మిగిలిన నెత్తళ్ళను ఇసుకలో ఎండబెట్టేది ఆడవాళ్ళు. పేతురు వలలు విడిచి వెళ్ళిపోయాడని ధ్యానాలు ఏటా మెచ్చుకుంటాయి. ఆ వలల మీద బతికిన ఇంటి సంగతి? పేతురు అత్త మాత్రం మార్కు మొదటి అధ్యాయంలో కనిపిస్తుంది. జ్వరం తగ్గగానే లేచి వాళ్ళకు ఉపచారం చేస్తుంది. ధ్యానాలకు ఆమె చాలా ఇష్టం. ఎందుకో చెప్పనక్కర్లేదు.

కానీ గ్రంథం ధ్యానాల కన్నా పెద్దది. లూకా ఎనిమిదో అధ్యాయంలో స్త్రీలు తమ సొంత ఆస్తితో యేసు బృందాన్ని పోషిస్తారు. వాళ్ళలో మొదటి పేరు మగ్దలేనే మరియ. మగ్దలకే గ్రీకులో తరికేయ అన్న పేరుందని చాలామంది చరిత్రకారులంటారు. ఆ మాటకు మూలం చేపల్ని ఉప్పుపెట్టి నిలవచేసే పని. ఎండుచేపల ఊరి స్త్రీ! పునరుత్థానాన్ని మొదట చూసి చెప్పిన సాక్షి! ఆమెను పశ్చాత్తాపపడ్డ వేశ్యగా తప్ప చూడలేని ధ్యానాలు (సువార్తల్లో ఆ మాట ఎక్కడా లేదు) ఈ తీరపు స్త్రీకి ఎంత పెద్ద బంధువును దూరం చేశాయో!

ఇంకో చిక్కు క్యాలెండర్‌ది. సముద్రానికి వేరే క్యాలెండర్ ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో రూ.20,000కు పెరిగింది. అది వేటకెళ్ళే పడవ సిబ్బందికి. గంప మోసే ఆమెకు ఆ రెండు నెలలు ఏ లెక్కలోనూ లేవు. ఆ రోజుల్లో తెరిచిన పేజీ ‘చింతపడకు’ అంటుంది. అది ఓదార్పు కాదని నేననను. అప్పులవాడు గుమ్మంలో ఉన్నప్పుడు అదొక ఊపిరి. కానీ అచ్యుతాపురం ఆర్థిక మండలి వ్యర్థజలాలు పైపులైన్లో కడలికి చేరుతున్నాయని ఇదే ఊరు పలుమార్లు ఆందోళనకు దిగింది. 2025 జనవరి 8న ఇక్కడి హరిత హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. చేప ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు ఓర్పు ఒక్కటే జవాబుగా ఇచ్చే పేజీ ఎవరి పక్షాన ఉన్నట్టు? ఆమోసును ఈ పుస్తకాలు పొదుపుగా వాడడం యాదృచ్ఛికం అనుకోలేను.

ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం కొత్త ఆకాశం, కొత్త భూమి వచ్చాక సముద్రం ఇక ఉండదంటుంది. దీన్ని చదివినప్పుడు “సముద్రం లేని చోట మనమేం చేత్తామమ్మా?” అని ఒకామె నవ్వేసింది. పక్కనే ఉన్న మరొకామె నవ్వలేదు. వేటకెళ్ళిన ఆమె మనిషి తిరిగి రాలేదు. అన్నిట్లోకీ తనకు నచ్చిన మాట అదేనంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఆ వాదన నేను చదివిన ఏ ధ్యానంలోనూ లేదు.