చెహోవ్ 'సఖాలిన్ ద్వీపం' - ఒక పరిశీలన

చెహోవ్ కథలు చదివిన తెలుగువారు చాలామందే ఉన్నారు. 1895లో పుస్తకంగా వెలువడిన ఆయన 'సఖాలిన్ ద్వీపం' చదివినవారు తక్కువ. మన బోటివారు తప్పక చదవవలసిన గ్రంథమిది.

1890లో, రైలుమార్గం లేని రోజుల్లో, చెహోవ్ గుర్రబ్బండ్ల మీద, పడవల మీద సైబీరియా అంతా దాటి ఈ ఖైదీల దీవికి చేరాడు. మూడు నెలలు ఇంటింటికీ తిరిగి సుమారు 10,000 కార్డులు నింపాడు. పేరేమిటి, వయసెంత, పుట్టిన చోటేది, చదువు వచ్చునా అని మనిషి మనిషినీ అడిగాడు. ఓడ జాబితాల్లో అంకెలై మిగిలిన కూలీల సంతతికి ఆ ప్రశ్నల విలువ వేరే చెప్పనక్కరలేదు.

శిక్ష తీరినా ఖైదీ వెంటనే సొంత ఊరికి పోలేడు. అక్కడే భూమి దున్నుకోవాలి. ఓడ దిగిన ఆడఖైదీలను సెటిలర్లకు పంచిపెట్టేవారు. చెహోవ్ ఇవన్నీ గొంతు పెంచకుండా చెప్పాడు. అందుకే మనసుకు మరింత తగులుతాయి.

అయితే గ్రంథంలో ఒక పెద్ద వెలితి ఉంది. 1875 ఒప్పందంతో దీవి మొత్తం రష్యాకు దక్కింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అక్కడ నీవ్ఖ్‌లు, ఐనూలు ఉన్నారు. నీవ్ఖ్‌లనే చెహోవ్ గిల్యాకులన్నాడు. 23 అధ్యాయాల్లో ఈ రెండు జాతులకు ముఖ్యంగా దక్కినది రెండింటిలో కొంత భాగం. నీవ్ఖ్‌లను ఖైదీల మీద కాపలాకు పెట్టడాన్ని ఆయన తప్పుపట్టాడు, అది న్యాయమే. కాని ఖైదీలకు నింపిన కార్డు వారికి నింపలేదు.

ఆ పని మరొకరు చేశారు. 1889లో రాజకీయ ప్రవాసిగా దీవికి వచ్చిన లేవ్ ష్టెర్న్‌బెర్గ్ నీవ్ఖ్‌ల ఇళ్లకు వెళ్లి వారి వావివరసలు రాసుకున్నాడు. మేనమామ కూతురే వారికి తగిన సంబంధమట! ఇది చదివిన తెలుగువాడికి వారు పరాయివారనిపించరు. తర్వాత 1961లో నీవ్ఖ్ రచయిత వ్లాదీమిర్ సంగీ తన జాతి గాథలను తానే పుస్తకంగా తెచ్చాడు.

బలవంతాన వచ్చినవారి బాధ ఎంత నిజమో, ముందే ఉన్నవారి హక్కూ అంతే నిజం. 1860 తర్వాత మన పెద్దలు నేటాల్ చెరకు తోటల్లో పడిన పాట్లు రాసుకునేటప్పుడు, జులూలు పోగొట్టుకున్న నేల సంగతి కూడా మనం రాయాలి. చెహోవ్ గ్రంథం తన గొప్పతనంతోనూ, తన వెలితితోనూ మనకు నేర్పేది ఇదే.