యంత్రభాగముల రూపకల్పన: కంప్యూటరు లెక్క, కొలిమి లెక్క

యంత్రభాగమును తయారుచేయుటకు పూర్వమే సాఫ్ట్‌వేరు సహాయమున దాని రూపమును నిర్ణయించి, లోహమును, కూలిని, ఇంధనమును ఆదా చేయవచ్చునను వాదము నేడు పరిశ్రమలలో బలముగా వినబడుచున్నది. ఇందు సత్యము కలదు. అయితే తేలికయైనది చవుకయనియు, చవుకయైనది పర్యావరణహితమనియు ఒక్క త్రాట కట్టి చెప్పుట విచార్యము.

అల్పలోహమున అధికబలము సాధించు విచారణ క్రొత్తది కాదు. మెల్‌బోర్నుకు చెందిన మిచెల్ 1904లోనే దీనికి గణితమార్గము చూపెను. 1988లో బెండ్‌సో, కికుచి ప్రకటించిన పద్ధతి దానిని కంప్యూటరుకు అందుబాటు చేసినది. బరువు మోయని చోట లోహమును తొలగించుచు, మోయు చోట నిలుపుచు పోవుటయే దీని సారము. జనరల్ మోటార్సు వారు ఆటోడెస్క్ సాఫ్ట్‌వేరుతో రూపొందించి 2018లో ప్రకటించిన కారుసీటు బ్రాకెట్టు ఇందుకు ప్రసిద్ధోదాహరణము. ఎనిమిది భాగములు ఒక్కటియైనవి. బరువు 40 శాతము తగ్గి, బలము 20 శాతము పెరిగినదని వారు తెలిపిరి. ఘనతయే. కాని అది త్రీడీ ముద్రణమున పొరపై పొరగా చేసిన మాదిరివస్తువు. ప్రెస్సులో ఇనుపరేకును కొట్టి లక్షలసంఖ్యలో తీయు భాగములతో ధరలో పోటీపడుట వేరు సంగతి.

రోడ్ ఐలండు విశ్వవిద్యాలయాచార్యులైన బూత్‌రాయిడ్, డ్యూహర్స్టుల మార్గము ఇంతకంటె వివేకవంతమైనది. వారు రూపముతో గాక ప్రశ్నలతో ఆరంభించిరి. ఈ భాగము ప్రక్కదానికి భిన్నముగా కదలవలెనా? వేరు పదార్థముతోనే చేయవలెనా? బిగించుటకో విప్పుటకో విడిగా ఉండవలెనా? మూడింటికిని కాదనియే సమాధానమైనచో దానిని ప్రక్కదానితో కలిపివేయవచ్చును. ఇందు మూడవ ప్రశ్నను తేలికగా దాటరాదు. ఎనిమిది ముక్కలు ఒక్కటియైన పిమ్మట ఒక మూల విరిగినను మొత్తము మార్చవలసియుండును.

పంపుసెట్లకును పోతపనికిని పేరొందిన కోయంబత్తూరులో, జి.డి. నాయుడు కృషిచేసిన ఆ నగరమున, స్థిరపడిన తెలుగువారికి ఈ చర్చ దూరపుది కాదు. ఇసుకను చెదరగొట్టక ప్యాటర్ను పైకి వచ్చుటకు దాని ప్రక్కలకు కొంచెము వాలు కావలెను. గోడల మందము హెచ్చుతగ్గులైనచో, లోహము గట్టిపడునపుడు దళసరి చోట గుల్ల ఏర్పడును. ఈ నియమములను ముందే తెలుపనిచో సాఫ్ట్‌వేరు చెట్టువేళ్ళవంటి రూపమును కల్పించును. ఫౌండ్రీలో మిగిలిన లోహము పాడైన పోతల క్రింద తిరిగి పోవును.

మరియొక భేదము కలదు. కారులో తగ్గిన బరువు అది నడిచినంత కాలము ఇంధనమును మిగుల్చును. బావికడ బిగించిన పంపునకు ఆ లాభము లేదు. దాని పోత ఇనుము పనిచెడిన తరువాత తుక్కుగా కొలిమికి చేరనే చేరును. ఏండ్ల తరబడి అది మింగు విద్యుత్తే పెద్ద ఖర్చు. కనుక పంపు విషయమున సాఫ్ట్‌వేరుకు తగిన పని పైచిప్పను పలుచన చేయుట కాదు; ఇంపెల్లరు రెక్కల వంపును సవరించి, నీటి సుడులవలన కలుగు నష్టమును తగ్గించుట.